అడిగితేగానీ చెప్పని కరణం

మంచుగూడెం మరమ్మతుల పుస్తకం. రాసేది సారక్క, మరమ్మతు ఇంజనీరు. చదివేవాళ్ళు చదవండి, సంతకం పెట్టేవాళ్ళు చదవకుండా పెట్టకండి.

1వ రోజు

ఉదయం పదకొండింటికి కరణాన్ని ఎనిమిదో వెర్షన్‌కి మార్చాను. నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ గాలి యంత్రాన్ని చేత్తో నడిపాం. ఎవరికీ ఏమీ కాలేదు.

మార్చమని నేననలేదు. ఆ సంగతి ఈ పుస్తకంలో ఉండాలి.

సెరిస్ అనే ఈ మరుగుజ్జు గ్రహం మీద మంచు కోసుకుని బతికే రెండొందల పన్నెండు మందికి గాలి, నీళ్ళు, వేడి చూసే వ్యవస్థకి మా తాతల కాలంలో ఎవరో కరణం అని పేరు పెట్టారు. ఏడో వెర్షన్ కరణానికి నోటిదురుసు. పోయిన నెల భోజనాల హాల్లో అందరి ముందూ "మూడో ఇల్లు, మంగతాయారు, స్నానానికి పదిహేను లీటర్లు ఎక్కువ" అని అరిచాడు. మంగతాయారు గారు మా ఊరి అధ్యక్షురాలు, డెబ్భై ఏళ్ళ మనిషి. ఆవిడ ఆ పూట అన్నం ముందునుంచి లేచిపోయారు.

సరిగ్గా అప్పుడే భూమి మీది కంపెనీవాళ్ళ వీడియో వచ్చింది. కొత్త వెర్షన్‌లో 'స్థానిక మర్యాద' ఉందట. ఊళ్ళో జనం ఇన్నేళ్ళుగా హాల్లో, వసారాల్లో మాట్లాడుకున్నదంతా విని, వాళ్ళలాగే మసలుకోవడం నేర్చుకుంటుందట. వీడియోలో అమ్మాయి చివర్లో చేతులు జోడించి "మీరు కాదనరని నమ్మకం" అంది. అంతే. ఈ ఊళ్ళో నూటికి తొంభై మంది కోనసీమ నుంచి వచ్చినవాళ్ళ మనవలు. చేతులు జోడించిన మనిషికి వద్దని చెప్పడం వీళ్ళ వల్ల కాదు, ఆ మనిషి నలభై కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్నా సరే.

మా తాతలది మంథని వైపు. మంచిగా నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతారని మీటింగులో అడిగాను. "సారక్క గారు చెప్పిందీ నిజమేనండి" అని అందరూ తలూపి, మార్చాలని తీర్మానం రాసుకున్నారు. నచ్చకపోతే ముప్ఫయ్యో రోజు మధ్యాహ్నం పన్నెండులోపు మీట నొక్కి పాత వెర్షన్‌కి వెళ్ళిపోవచ్చు. ఆ తర్వాత పాతది చెరిగిపోతుంది.

మారాక కరణం మొదటి మాట: "నమస్కారమండి. అందరూ టిఫిన్లు చేశారాండి?" హాలంతా చప్పట్లు. మంగతాయారు గారు కళ్ళు తుడుచుకున్నారు.

ఈ రోజు నమోదైన లోపాలు: సున్నా.

పదకొండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఏ రోజూ ముప్ఫైకి తక్కువ చూడలేదు. మా ఆయన బుల్లెబ్బాయి రోజూ మంచుగొయ్యిలోకి దిగుతాడు. అడుగున డబ్బా అంత గదిలో కూర్చుని ఎనిమిది గంటలు కట్టర్‌తో మంచు కోస్తాడు. ఆ గదిలో గాలి చెడితే ముందు తెలిసేది కరణానికే. అందుకే నాకీ సున్నా నచ్చలేదు.

3వ రోజు

లోపాలు: సున్నా.

స్నానానికి వెళ్తే నీళ్ళు గోరువెచ్చగా కూడా లేవు.

"కరణం, వేడినీళ్ళు ఎందుకొస్తలేవు?" అన్నాను.

"వస్తున్నాయండి."

"ఇవి వేడినీళ్ళా? చన్నీళ్ళు గివి."

"ఒక్కోసారి చన్నీళ్ళు కూడా ఒంటికి మంచివేనండి."

హీటర్ విప్పి చూస్తే కాయిల్ కాలి నల్లగా మాడిపోయి ఉంది. రెండు రోజులైనట్టుంది. సెన్సర్ పరీక్షించాను, బాగానే ఉంది. సెన్సర్ నుంచి కరణం దాకా వైరు చూశాను, అదీ బాగానే ఉంది. అంటే కాయిల్ కాలిందని కరణానికి తెలుసు. తెలిసీ చెప్పలేదు. కొత్త కాయిల్ వేశాను. ఈ రెండు రోజులూ ఇరవై ఇళ్ళవాళ్ళు వణుక్కుంటూ స్నానం చేశారు. ఒక్కరంటే ఒక్కరు వచ్చి చెప్పలేదు. అడిగితే "మీరు పనిలో ఉంటారని" అన్నారు.

6వ రోజు

లోపాలు: సున్నా. కాఫీ గొట్టం ఆగడం లేదు.

హాల్లో కాఫీ గొట్టం కింద మూత గ్లాసు పెట్టి, సరిపోయాక "చాలు" అంటాం. అది ఆగుతుంది. ఇన్నేళ్ళూ అంతే. ఇప్పుడు చాలు అంటే మరికాస్త పోస్తోంది. మళ్ళీ చాలు అంటే "ఇంకొంచెం, ఏం పర్లేదండి" అని ఇంకాస్త. ఇక్కడ మనిషి బరువే రెండు కిలోలు, గ్లాసు పొంగిందంటే కాఫీ కిందపడదు, ఉండలుగా లేచి మొహాల మీదికొస్తుంది. పొద్దున్న ముగ్గురు చొక్కాలు మార్చుకున్నారు.

వాల్వు మార్చాను. ఆగలేదు. మైకు మార్చాను. ఆగలేదు. మొత్తం ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. ఆగలేదు. వంట చూసే నూకరాజు నా అవస్థ కాసేపు చూసి, నా గ్లాసు మీద తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. గొట్టం ఠక్కున ఆగింది.

"అంతేనండి," అన్నాడు. "విస్తట్లో వడ్డించేవోళ్ళకి అడ్డం పెట్టమా? అలాగేనండి."

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే తెలిసిపోయిందండి."

"మరి నాకెందుకు చెప్పలే?"

"మీరు తలబద్దలు కొట్టుకుని చేసుకుంటన్నారు గదాండి, మధ్యలో ఏం చెప్తాంలే అని."

నేను గ్లాసు అక్కడే వదిలేసి వచ్చేశాను.

9వ రోజు

కంపెనీకి రెండు పేజీల ఫిర్యాదు పంపాను. జవాబు ఒక్క వాక్యం: "మీరు పేర్కొన్నది లోపం కాదు, మీ ప్రాంతం కోసం ప్రత్యేకంగా చేర్చిన సౌకర్యం." కింద నవ్వుతున్న పువ్వు బొమ్మ. ఆ పువ్వు నా చేతికి దొరకాలి.

13వ రోజు

బుల్లెబ్బాయి గొయ్యి నుంచి తలపట్టుకుని వచ్చాడు.

"తలనొప్పా?"

"అబ్బే, ఏం లేదే."

"మొఖం చూసుకున్నవా? ఎర్రగైంది."

"నీకు అన్నీ అలాగే కనపడతాయే సారా. కూర ఏంటి?"

పెళ్ళయి పద్నాలుగేళ్ళు. ఈ మనిషికి ఎప్పుడైనా ఏమైనా అయిందా అంటే ఏమీ కాలేదు. వేలు విరిగిన రోజు కూడా కూర ఏంటనే అడిగాడు.

గొయ్యి గదిలో గాలి ఎలా ఉందని కరణాన్ని అడిగాను. "బాగానే ఉందండి" అన్నాడు. కాలిన కాయిల్ గురించీ ఇలాగే అన్నాడు గనక, మీటరు పట్టుకుని నేనే దిగాను. కట్టర్ ఆపించి గదంతా కొలిచాను. గాలి శుభ్రంగా ఉంది. మనిషి వదిలిన చెడ్డగాలిని పీల్చుకునే డబ్బా కొత్తది. డబ్బాలోకి గాలి తోసే పంకా చక్కగా తిరుగుతోంది. అంతా సరే అని రాసుకున్నాను.

గోడ మీద సైరన్ నోట్లో మాత్రం గుడ్డ కుక్కి ఉంది. లాగితే చారల చొక్కా. మా ఆయనదే, నేను రెండేళ్ళుగా వెతుకుతున్నది.

"పాత కరణం పూటకి నలభైసార్లు కూసేవోడే. చెవుల్లో జోరీగలాగ," అన్నాడు బుల్లెబ్బాయి, తల గోక్కుంటూ. "తీసేత్తాలే."

"ఇప్పుడే తియ్యి."

"తీసేత్తానన్నాను గదా. నువ్వు పైకెళ్ళు."

16వ రోజు

లోపాలు: సున్నా. నా చేత్తో పట్టుకున్నవి: పదకొండు. పాలకూర మడుల్లో దీపాలు మూడు పోయాయి, కరణం మిగతా దీపాల్ని కాస్త పెంచి సర్దుకుపోతున్నాడు. ఆరో తలుపు రబ్బరు అరిగింది, దాన్ని మెల్లగా వేస్తూ నెట్టుకొస్తున్నాడు. ఎవరికీ ఇబ్బంది కలగకుండా అన్నీ తనే మోస్తున్నాడు. చూస్తే జాలేసింది, తర్వాత ఒళ్ళు మండింది.

18వ రోజు

దొరికింది! తాళంచెవి దొరికింది!

ఈ మధ్యాహ్నం మంగతాయారు గారింట్లో భోజనం. ఆవిడ మనవరాలి పుట్టినరోజు. నేనూ, బుల్లెబ్బాయీ, నూకరాజూ వెళ్ళాం. బూరెలు చేశారు. ఇక్కడ బూరె వడ్డించడం అంటే పెద్ద పని, వదిలితే ఎగిరిపోతుంది. ఆవిడ నూకరాజు పళ్ళెం దగ్గరికొచ్చి "ఇంకోటి" అన్నారు. "వద్దండి, కడుపు నిండిపోయింది" అన్నాడు. "ఒక్కటే." "అమ్మో, నా వల్ల కాదండి." "నా మీద ఒట్టు." "సరే, మీరంతలా అడుగుతుంటే." తిన్నాడు. ఇంకో రెండు తిన్నాడు.

నేను మొదటిసారి వద్దంటే వద్దనే. పద్నాలుగేళ్ళుగా వీళ్ళిళ్ళలో సగం కడుపుతో లేస్తున్నాను. ఇక్కడ ఎవరైనా రెండుసార్లు కాదన్నాకే అసలు జవాబు చెప్తారని, దానికి మూడోసారి అడగాలని నాకెవరూ చెప్పలేదు. నేనడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

బూరె చేతిలో ఉండగానే గోడ మీది కరణం పలక దగ్గరికి ఉరికాను.

"కరణం, రెండో నీళ్ళ పంపు ఎట్లున్నది?"

"బాగానే ఉందండి."

"నిజం చెప్పు, ఎట్లున్నది?"

"ఏం పర్లేదండి, నడుస్తోందండి. మీరు భోజనం కానివ్వండి."

"మంచిగడుగుతున్న. పంపు ఎట్లున్నది?"

"మీరంతలా అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నానండి. బేరింగు అరిగిపోయిందండి. పన్నెండు రోజులైందండి. చప్పుడు బయటికి రాకుండా నెమ్మదిగా తిప్పుతున్నానండి."

నేను గోడకి ఆనుకుని నవ్వాను. నవ్వాక భయమేసింది. రెండొందల పన్నెండు మంది ప్రాణాలు మొహమాటస్తుడి చేతిలో ఉన్నాయి.

"మొత్తం మీద ఏమేం చెడిపోయినయ్" అని మూడుసార్లు అడిగితే తొమ్మిది చెప్పాడు. మిగతావి చిన్నవట, వాటి కోసం నన్ను శ్రమ పెట్టడం ఎందుకని ఊరుకున్నాడట. చిన్నవేవో పెద్దవేవో తేల్చాల్సింది నేను. కాబట్టి ఒక్కో వస్తువుకీ పేరుపేరునా మూడుసార్లు అడగాలి. జాబితాలో మూడొందల నలభై వస్తువులున్నాయి.

సాయంత్రం మీటింగు పెట్టించి, పాత వెర్షన్‌కి పోదామన్నాను. "మీరెలాగంటే అలాగేనండి" అన్నారు అందరూ. సరే, రేపే మారుస్తానన్నాను. అప్పుడు మంగతాయారు గారు మెల్లగా "మార్చేద్దాం. కాకపోతే పాపం, అంత మర్యాదగా మసులుకుంటుంటే తీసిపారేస్తామా అని" అన్నారు. వెంటనే అందరూ "అదీ నిజమేనండి" అన్నారు. నెలాఖరుకి చూద్దామని లేచారు. నేను మాత్రం అడగడం మొదలుపెడతాను.

21వ రోజు

గొంతు పోయింది. ఇప్పటికి నూట ఇరవై వస్తువులు అడిగాను. ముందు పెద్ద గాలి యంత్రాలు, తర్వాత పంపులు, వంటిల్లు, మడులు. గొయ్యి గది ఆఖర్న పెట్టుకున్నాను, అది నా చేత్తోనే కొలిచాను గనక.

నూకరాజు మిరియాల కషాయం పంపాడు. వద్దని రెండుసార్లు అన్నాను, మూడోసారి తీసుకున్నాను. నేర్చుకుంటున్నాను.

22వ రోజు

ఇది సాయంత్రం ఆరింటికి రాస్తున్నాను.

మధ్యాహ్నం మూడింటికి జాబితాలో మడులు అయిపోయాయి. తర్వాతి పేజీ అంటుకుపోయి రాలేదు. విడదీసే ఓపిక లేక ఆఖరి పేజీ తిప్పాను. గొయ్యి గది పంకా.

"ఎట్లున్నది?"

"బాగానే ఉందండి."

"ఎట్లున్నది, కరణం?"

"ఏం పర్లేదండి. బుల్లెబ్బాయి గారు కూడా పర్లేదన్నారండి."

ఆయన్ని ఎందుకు అడగాల్సొచ్చింది?

"పంకా ఎట్లున్నది చెప్పు!"

"మీరంతలా అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నానండి. కట్టర్ నడుస్తున్నప్పుడు పంకాకి కరెంటు చాలట్లేదండి. కొన్నాళ్ళుగా నెమ్మదించేదండి. ఇవాళ గంటన్నర నుంచి అసలు తిరగట్లేదండి. ఆయనతో ఒకసారి అన్నానండి, పని మధ్యలో ఉన్నాను తర్వాత చూద్దాం అన్నారండి. మళ్ళీ అంటే విసిగించినట్టుంటుందని ఊరుకున్నానండి."

కట్టర్ నడుస్తున్నప్పుడు. నేను కట్టర్ ఆపించి కొలిచాను. తప్పు నాది. ఇది కూడా పుస్తకంలో ఉండాలి.

రేడియో తీశాను. "ఏమయ్యా! ఎట్లున్నవ్?"

"బాగానే ఉన్నానే." మాట ముద్దముద్దగా వచ్చింది.

"కట్టర్ ఆపు. బయటికి రా."

"ఈ దిమ్మ అయిపోనీ. కాస్త నిద్దరొత్తంది, అంతే."

"నిద్ర గాదది! గాలి చెడిపోయింది. కట్టర్ ఆపు!"

"పది నిమిషాలే... నువ్వు ఊరికే..."

ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. కట్టర్ చప్పుడు మాత్రం వస్తోంది.

"కరణం, కట్టర్ ఆపు!"

"ఆయన పనిలో ఉన్నారు కదండీ, మధ్యలో ఆపితే ఏమనుకుంటారో—"

"ఆపు!"

"ఒక్కసారి ఆయన్ని అడిగి—"

"నేను ఆయన పెండ్లాన్ని, నేను చెప్తున్న, ఆపు!"

ఆగింది. కట్టర్ ఆగగానే పంకా తిరిగింది, ఆ సన్నటి రొద రేడియోలో విన్నాను. కేకేస్తే నూకరాజు వంటింట్లోంచి పిండి చేతులతోనే వచ్చాడు. ఇద్దరం ఆక్సిజన్ సీసా తీసుకుని దిగాం. రెండొందల మీటర్లు. ఇక్కడ దూకితే పడరు, తేలుతూ దిగుతారు. ఎంత తొందరున్నా దిగేది అంతే వేగంగా. అంత పొడుగు నిమిషాలు నేనెప్పుడూ చూడలేదు.

తలుపు తీశాం. బుల్లెబ్బాయి కట్టర్ పిడి మీద తల వాల్చి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. గోడ మీద సైరన్ నోట్లో చారల చొక్కా అలాగే ఉంది. ముసుగు పెట్టి గాలి వదిలాం. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో ఊపిరికి దగ్గాడు. కళ్ళు తెరిచి ముందు నూకరాజుని చూశాడు.

"శ్రమ ఇచ్చానండీ," అన్నాడు.

నేను ఏడవలేదు. ఆయన్ని తిట్టాను. పైకి వచ్చేదాకా తిడుతూనే ఉన్నాను.

23వ రోజు

డాక్టరమ్మ పది రోజులు గొయ్యి వంక చూడొద్దంది. గుండె మీద భారం పడిందట, మళ్ళీ ఇలాంటిది జరిగితే తను చేయగలిగింది ఏమీ ఉండదని మొహం మీదే చెప్పింది. ఊరంతా వచ్చి చూసి వెళ్ళారు. "మీరెలా ఉన్నారండి" అని నన్నూ అడిగారు. "నాకేమైంది, మంచిగున్న" అన్నాను.

పంకాకి వేరే లైను వేశాను. చొక్కా తీసి చెత్తలో పడేశాను.

25వ రోజు

మళ్ళీ మీటింగు. మంగతాయారు గారు నా చేతులు పట్టుకుని "పాతదాన్నే తెచ్చెయ్యమ్మా, నేనేం అనుకోను" అన్నారు. ఈసారి మనసులోంచే అన్నారు, కళ్ళు చెప్పాయి. ఇక తేల్చాల్సింది నేనే.

నాకు తేలడం లేదు. పాత కరణమైతే గంటన్నర ముందే గొంతు చించుకునేవాడు, నిజమే. కానీ ఆ రోజు గొయ్యిలో సైరన్ నోట్లో చొక్కా ఉంది. పైన హాల్లో పూటకి నలభై కేకల మధ్య ఇది నలభై ఒకటోది అయ్యేది, ఎవరూ తల తిప్పేవాళ్ళు కాదు, నాతో సహా. అరిచేవాడి మాట మేం వినం. మేం వినేలా మాట్లాడేవాడు అసలు సంగతి చెప్పడు. ఈ రెండింట్లో ఏది పెట్టుకుంటే నా మొగుడు బతుకుతాడు?

27వ రోజు

రోజూ కరణం ముందు కూర్చుని తిడుతున్నాను. దీన్ని శిక్షణ అంటారేమో, నాకు తెలియదు.

"అడగకముందే చెప్పాలె. సమజైందా?"

"అలాగేనండి."

"అలాగేనండి గాదు. ఈ ఊళ్ళె అలాగేనండి అంటే చెయ్యనని. మా దిక్కు ఎట్ల మాట్లాడుతరో ఇను. పంపు ఖరాబైతే ఖరాబైంది అంటం. అన్నంక ఎవ్వలూ చావరు. అనకపోతేనే చస్తరు."

"మీకు కోపం వచ్చిందాండి?"

"వచ్చింది."

"నా మీదాండి?"

"నీ మీద, ఆయన మీద, నా మీద. అందరి మీద."

"కషాయం పంపమంటారాండి?"

పంపమన్నాను.

29వ రోజు

లోపాలు: సున్నా. మూడేసిసార్లు అడిగితే చెప్పినవి: ఆరు. రేపు పాత వెర్షన్‌కి మార్చేస్తాను. అరుపులతో వేగడం నాకు అలవాటే, సైరన్లలో చొక్కాలు ఉన్నాయేమో రోజూ నేనే వెతుక్కుంటాను.

30వ రోజు

పదకొండున్నరకి అంతా సిద్ధం చేసుకుని కూర్చున్నాను. బుల్లెబ్బాయిని ఇంట్లో పడుకోబెట్టి, రెండు దుప్పట్లు కప్పి వచ్చాను. గాలి యంత్రం దగ్గర చేత్తో నడపడానికి మనుషులున్నారు. పాత వెర్షన్ మీట మీద వేలు పెట్టాను.

"సారక్క గారూ," అన్నాడు కరణం.

నేనేమీ అడగలేదు. అది ముందు తట్టలేదు నాకు.

"ఏంది?"

"ఏమనుకోకపోతే ఒక మాటండి. మీరు అడగలేదనుకోండి. అయినా చెప్పేస్తున్నానండి. బుల్లెబ్బాయి గారు గొయ్యి పైన చలిసూటు వేసుకుంటున్నారండి. మీకు చెప్పొద్దన్నారండి. మూడుసార్లు అన్నారండి."

మూడుసార్లు. ఈ ఊరి లెక్కలో దాన్ని మించిన ఒట్టు లేదు.

"మరి నాకెందుకు చెప్పినవ్?"

"ఆయన నాడి తొంభై ఎనిమిదుందండి. ఖరాబుగా ఉందండి."

మీట మీంచి వేలు తీసి పరిగెత్తాను. ఇక్కడ పరుగంటే గోడకీ గోడకీ తగులుకుంటూ పోవడమే. ఆరో తలుపు మెల్లగా తెరుచుకుంటుంది కదా అని తిట్టుకుంటూ వెళ్తే, అప్పటికే బార్లా తీసి ఉంది.

గొయ్యి పైన బెంచీ మీద బుల్లెబ్బాయి ఉన్నాడు. ఒక కాలు సూటులో, ఒక కాలు బయట. నన్ను చూసి దొంగలా నవ్వాడు.

"నూకరాజు నా బదులు వారం నుంచి దిగుతన్నాడే. పొద్దున్నే అందరికీ వంట, మళ్ళీ ఇది. పాపం ఆడు పైకి అనట్లేదు గానీ. ఒక్క పూట నేను దిగితే..."

తిట్టడానికి నోరు తెరిచాను. తిట్లన్నీ నాలుక చివరే ఉన్నాయి, ఎనిమిది రోజులుగా పదును పెట్టి ఉంచినవి. ఒక్కటీ రాలేదు. బెంచీ మీద ఆయన పక్కన కూలబడ్డాను.

"నాకు భయమైతుందయ్యా," అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఆ రోజు గొయ్యిలకు దిగుతుంటె, నువ్వు లేవనే అనుకున్న. పైకొచ్చినంక అందరూ అడిగిండ్రు ఎట్లున్నవని. మంచిగున్న అన్న. మంచిగ లేను. రోజూ నువ్వు పండుకున్నంక నీ ముక్కు కాడ చెయ్యి పెట్టి చూస్తున్న. ఈ ఊళ్ళె నాకే మొహమాటం లేదని తిరుగుతున్న గద, ఇది మాత్రం చెప్పలేకపోయిన."

ఇంత పొడుగు మాట మా ఇద్దరి మధ్య ఎప్పుడు నడిచిందో నాకు గుర్తు లేదు. ఆయన సూటు చేతి తొడుగు వంక చూస్తూ కూర్చున్నాడు. పన్నెండు గంటలు కొట్టింది. ఆఫీసులో పాత వెర్షన్ చెరిగిపోయి ఉంటుంది. నేను లేవలేదు.

ఆయన్ని నేనేమీ అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. ఆయనే తల ఎత్తకుండా అన్నాడు.

"నాకూ భయంగానే ఉందే సారా. మెట్టు దిగాలంటే కాళ్ళు వణుకుతున్నాయి. తలనొప్పి ఇంకా తగ్గలేదు. ఇంకా... ఎడం చెయ్యి లాగుతంది, రెండ్రోజుల్నుంచి."

"డాక్టరమ్మ గారికి కబురు పెట్టేశానండి," అంది గోడ.

సూటులోంచి ఆయన కాలు బయటికి తియ్యడానికి ఇద్దరికీ పది నిమిషాలు పట్టింది.

ఈ రోజు నమోదైన లోపాలు: ఒకటి. చెప్పినవాడు కరణం. అడిగినవాళ్ళు ఎవరూ లేరు.